సంక్రాంతి సెలవులు: ఆరుగురం, ఐదు రోజులు, యాభై వేలు. ఎక్కడికి వెళ్లమంటారు?

తార్నాక ఇల్లు

అందరికీ నమస్కారం. పెద్దలూ అనుభవం ఉన్నవారూ ఓపికగా చదివి దారి చూపించాలని కోరుతున్నాను.

మేము హైదరాబాద్‌లో ఉంటాం, ఆరుగురం. నాన్నగారికి 72 ఏళ్లు. రెండేళ్ల కిందట కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. చదునైన నేల మీద అరగంట నడుస్తారు, మెట్లు మాత్రం పట్టుకొని ఒక్కొక్కటే ఎక్కాలి. అమ్మకు ఎక్కడికి వెళ్లినా దారిలో ఒక గుడి ఉండాలి. మా ఆవిడకు ఏడాదంతా ఆఫీసు, వంటిల్లు తప్ప మరొకటి లేదు, ఐదు రోజులైనా నిశ్చింతగా గడపాలని ఆమె కోరిక. బాబు ఎనిమిదో తరగతి, పాప రెండో తరగతి. సంక్రాంతి సెలవుల్లో ఐదు రోజులు కుదురుతుంది. ఖర్చు యాభై వేలు దాటకూడదు.

కిందటి వేసవిలో ఒక ట్రావెల్స్ వారి ప్యాకేజీలో ఒక కొండ ప్రాంతానికి వెళ్లాం. ఎక్కడ వ్యాన్ ఆపినా మెట్లే. నాన్నగారు మూడు రోజులూ ‘మీరు చూసి రండి, నేనిక్కడ గాలికి కూర్చుంటాను’ అని వ్యాన్‌లోనే ఉండిపోయారు. ఇంటికి వచ్చాక ఫొటోలు చూసుకుంటే ఒక్కదానిలోనూ ఆయన లేరు. ఈసారి అలా జరగకూడదు.

కూకట్‌పల్లి కోడలు

అరకు వెళ్లండి. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలు అద్దాల పెట్టె ఎక్కితే మీ నాన్నగారు సీటులోంచి కదలకుండానే లోయలన్నీ చూడవచ్చు. ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్కసారిగా కేక పెడతారు. మా పాపకు ఇప్పటికీ ఆ ప్రయాణం అంటే ఆ కేకే గుర్తు. బొర్రా గుహల్లోకి దిగే మెట్లు చాలా ఉన్నాయి, అక్కడ మాత్రం ఆయన పైన ఆగిపోవలసి వస్తుంది.

రైలు మాస్టారు

అమ్మా, అరకు బంగారం లాంటి చోటు. కానీ సంక్రాంతికి కాదు. నేను రైల్వేలో టికెట్ తనిఖీ ఉద్యోగం చేసి పదవీ విరమణ చేసినవాణ్ని, పండగ రద్దీ కళ్లారా చూశాను. భోగికి ముందు మూడు రోజులు ఈ నగరం సగానికి సగం కోస్తా వైపు కదులుతుంది. సికింద్రాబాద్ నుంచి విజయవాడ, విశాఖ వెళ్లే రైళ్లలో అడుగు పెట్టే చోటు ఉండదు. ప్రత్యేక రైళ్లు ఎన్ని వేసినా నిండిపోతాయి. కారులో వెళ్దామంటే విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గరే పూట గడిచిపోతుంది.

పండగ జనం తూర్పుకు వెళ్తుంటే మీరు పడమరకు వెళ్లండి. ఆ వారం అటువైపు రైళ్లలో మీకు బెర్తు దొరికే అవకాశం ఎక్కువ. మీ ఆరుగురినీ తలుచుకుంటే నాకు తోచింది ఒక్కటే: మహారాష్ట్రలోని ఔరంగాబాద్. ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్నారు. సాయంత్రం అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున దిగుతారు. రాత్రి నిద్రలోనే ప్రయాణం అయిపోతుంది, పగలు ఒక్కటీ వృథా కాదు. ఐదు రోజుల సెలవులో రెండు రోజులు దారికే పోయే ఊళ్లను ముందే పక్కన పెట్టాలి.

ఎల్లోరా అక్కడికి 30 కిలోమీటర్లు. ఎల్లోరా పక్కనే ఘృష్ణేశ్వరం, పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి. మీ అమ్మగారి కోరిక అక్కడ తీరుతుంది. అజంతా వంద కిలోమీటర్లు ఉంటుంది, దానికి ఒక రోజు పూర్తిగా కేటాయించాలి. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తున్నారు, 2024 నవంబరు నుంచి ఇదే లెక్క. వృద్ధులకు ఇచ్చే రాయితీ 2020 మార్చి నుంచి లేదు కాబట్టి అందరికీ పూర్తి ఛార్జీ లెక్క వేసుకోండి. పాపకు ఐదేళ్లు దాటాయి, బెర్తు కావాలంటే ఆమెకూ పూర్తి టికెట్టే.

ఇంకొకటి, చాలామందికి తెలియక నష్టపోతారు. అరవై దాటిన పురుషులకూ 45 దాటిన స్త్రీలకూ కింది బెర్తుల కోటా ఉంది. ఆ కోటా ఒక టికెట్‌పై ఒక్కరు లేదా ఇద్దరు పెద్దవాళ్లే ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఆరుగురికీ ఒకే టికెట్ తీస్తే ఆ అవకాశం పోతుంది. మీ అమ్మానాన్నలకు విడిగా టికెట్ తీయండి. మోకాలి నొప్పి ఉన్న మనిషిని పై బెర్తు ఎక్కించలేక రాత్రంతా ఎవరినో బతిమాలుకునే కుటుంబాలను ఎన్నిటినో చూశాను.

గచ్చిబౌలి తండ్రి

మాస్టారు చెప్పిన లెక్క బాగుంది, కానీ పదమూడేళ్ల పిల్లవాడు రెండు రోజులు గుహలు చూస్తాడా? మా వాడైతే గంటలో ఫోను తీస్తాడు. నా ఓటు హంపీకి. తుంగభద్రలో పుట్టి ఎక్కించవచ్చు, బండరాళ్ల మధ్య పిల్లలు పరుగెత్తవచ్చు, కృష్ణదేవరాయల పేరు మన పిల్లలకు తెలిసిందే. విఠ్ఠలాలయం దగ్గర బ్యాటరీ బండ్లు కూడా ఉన్నాయి.

మెహదీపట్నం నర్సు

హంపీ నాకూ ఇష్టమే. కానీ అక్కడ ఒక కట్టడానికీ మరో కట్టడానికీ మధ్య దూరం ఎక్కువ, నేలంతా ఎగుడుదిగుడు రాళ్లు. శస్త్రచికిత్స జరిగిన మోకాలికి మెట్ల కంటే అలాంటి నేలే ప్రమాదం, ఎందుకంటే మడమ మెలిక పడితే బరువంతా ఒక్కసారిగా మోకాలి మీదకు వస్తుంది. ఎల్లోరాలో కైలాసనాథాలయం ఉన్న 16వ గుహ దాదాపు దారి మట్టానికే ఉంటుంది. పై అంతస్తు వదిలేసినా కింది ప్రాంగణమే కళ్లకు పట్టనంత ఉంటుంది. అజంతాలో మొదట మెట్లు తప్పవు, అయితే నలుగురు మనుషులు మోసే డోలీలు దొరుకుతాయి. నాన్నగారు మొహమాటపడితే ‘నాకెందుకు, కింద కూర్చుంటాను’ అంటారు. బయలుదేరే ముందే ఇంట్లో ఆయనకు చెప్పి ఒప్పించండి. చేతికర్ర కూడా అక్కడికి వెళ్లాక కాదు, ఇక్కడే కొని వారం రోజులు అలవాటు చేయించండి.

బడంగ్‌పేట పంతులు

గుహలు పిల్లలకు విసుగు అన్న మాట నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ముప్ఫై ఏళ్లుగా పిల్లలను ఇలాంటి చోట్లకు తీసుకెళ్తున్నాను. ముందు కథ తెలియకుండా గోడ ముందు నిలబెడితే పెద్దలకైనా విసుగే.

బయలుదేరే ముందు ఒక ఆదివారం పిల్లలిద్దరినీ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ అజంతా చిత్రాల నకళ్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో అవి ఎందుకున్నాయని మీ బాబు అడుగుతాడు. అప్పుడు చెప్పండి: అజంతా, ఎల్లోరా ఒకప్పుడు నిజాం రాజ్యంలోనివే. 1914లో ఇక్కడ పురావస్తు శాఖ ఏర్పడింది, గులాం యజ్దానీ దాన్ని నడిపించారు. రాలిపోతున్న చిత్రాలను కాపాడడానికి 1920లలో ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. వాళ్లు పూసిన పూత తర్వాతి కాలంలో పసుపెక్కి, కొన్ని బొమ్మల రంగు మసకబారింది. మేలు చేయబోయిన చేతి వల్లే ఇలా ఎందుకు జరిగిందో ఆలోచించమంటే ఎనిమిదో తరగతి పిల్లవాడు తప్పకుండా ఆలోచిస్తాడు.

అజంతా ఒకటో గుహలోకి ఎండలోంచి అడుగు పెట్టగానే ఏమీ కనిపించదు. పిల్లలు ‘ఏమీ లేదు’ అని వెనక్కు తిరుగుతారు. ఆపండి. చెప్పులు విప్పిన కాళ్లకు నేల చల్లగా తగులుతుంది. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే చీకటిలోంచి ముందు ఒక కిరీటం, తర్వాత వంచిన మెడ, ఆ తర్వాత వేళ్ల మధ్య పట్టుకున్న తామరపువ్వు బయటికి వస్తాయి. ఆయన పద్మపాణి అనే బోధిసత్వుడు. నేను తీసుకెళ్లిన పిల్లల్లో క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి ‘సార్, ఆయన ఎందుకు దిగులుగా ఉన్నాడు?’ అని అడిగింది. జాతక కథలు, అంటే బుద్ధుడి పూర్వజన్మల కథలు, నాలుగైదు ముందే చెప్పి తీసుకెళ్లండి. ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకూడదని కూడా ముందే చెప్పండి.

ఎల్లోరాలో కైలాసాన్ని ఒకే కొండను పైనుంచి కిందికి తొలుస్తూ చెక్కారు. పునాది వేసి పైకి కట్టింది కాదు. పాపతో మట్టిముద్దో సబ్బుముక్కో ఇంట్లో పైనుంచి చెక్కించి చూడండి. అక్కడికి వెళ్లాక ఆమే మీకు వివరించి చెబుతుంది.

గచ్చిబౌలి తండ్రి

పంతులు గారూ, నా మాట వెనక్కు తీసుకుంటున్నాను. ఈ ఆదివారమే మా వాణ్ని పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకెళ్తాను.

ఒంటరి బాటసారి

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నేను డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థినిని. చేతిలో మూడు వేలే ఉన్నాయి, రెండు రోజుల సెలవు ఉంది. ఒక్కదాన్నే వెళ్లాలని ఉంది. ఇంట్లో ఇప్పుడిప్పుడే ఒప్పుకొంటున్నారు. ఎక్కడికి వెళ్లవచ్చు?

హనుమకొండ ఆడపడుచు

తల్లీ, మా ఊరు రా. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకొని ఉప్పల్‌లో హనుమకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కు. సూపర్ లగ్జరీలో ఆ సౌకర్యం లేదు, చూసి ఎక్కు. మొదటి రోజు వేయి స్తంభాల గుడి, భద్రకాళి, సాయంత్రం ఖిలా వరంగల్‌లో కీర్తితోరణాలు. రెండో రోజు పొద్దున్నే ములుగు వైపు వెళ్లి పాలంపేటలో రామప్ప గుడి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. అసలు చూడవలసినవి చూరు కింద వాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు, అంటే స్త్రీమూర్తుల శిల్పాలు. తలెత్తి చూస్తూ గుడి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరుగు.

ఇంట్లో వాళ్లకు ధైర్యం కలగాలంటే రెండు పనులు చెయ్యి. చీకటి పడక ముందే హనుమకొండకు తిరిగి వచ్చెయ్యి, పాలంపేట నుంచి చివరి బస్సు ఎప్పుడో దిగిన వెంటనే కండక్టరును అడిగి రాసుకో. బస బస్టాండుకు దగ్గరలోనే చూసుకో. మేడారం జాతర జరిగే ఏడాదైతే ఆ రోజుల్లో ములుగు దారి జనంతో కిక్కిరిసి ఉంటుంది, తేదీలు చూసుకొని రా.

ఒంటరి బాటసారి

అక్కా, మీరు ‘రా’ అన్న మాట అమ్మకు చదివి వినిపించాను. ఒప్పుకుంది.

నిజాంపేట జంట

మాకు నవంబరులో పెళ్లయింది. ఇద్దరికీ కలిపి ఎనభై వేలు దాచుకున్నాం. జనవరిలో లద్దాఖ్, కశ్మీర్, అండమాన్, ఈ మూడింటిలో ఏది?

మెహదీపట్నం నర్సు

లద్దాఖ్ జనవరిలో వద్దు. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో నేరుగా దిగినవాళ్లు కనీసం రెండు రోజులు గదిలో విశ్రాంతి తీసుకోవాలి, లేకపోతే తలనొప్పి, వాంతులతో మొదలై ప్రాణం మీదకు రావచ్చు. చలికాలంలో గాలి ఇంకా కష్టపెడుతుంది. తక్కువ రోజులు చేతిలో ఉన్నవాళ్లు ఆ రెండు రోజులు వృథా అనుకొని బయట తిరుగుతారు, ఆసుపత్రికి వచ్చేది వాళ్లే. లద్దాఖ్‌ను ఒక వేసవికి దాచుకోండి.

కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లాయి కలాన్, ఏడాదిలో అన్నిటికంటే గట్టి చలి. మంచు కోసమే వెళ్తే గుల్మార్గ్‌కు అదే కాలం. మంచు కురిస్తే విమానాలు ఆగిపోతాయి కాబట్టి చివర్లో ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి, మరుసటి రోజు ఉద్యోగానికి రావాలన్న హడావిడి పెట్టుకోకండి. మనసు ప్రశాంతంగా ఉండాలంటే అండమాన్. జనవరిలో అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. హేవలాక్, నీల్ దీవులను ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అంటున్నారు, టికెట్లలో ఆ పేర్లు చూసి కంగారు పడకండి. సెల్యులార్ జైలుకు ఒక సాయంత్రం తప్పకుండా కేటాయించండి.

తార్నాక ఇల్లు

అందరికీ చేతులు జోడించి నమస్కారం. ఔరంగాబాద్ ఖాయం చేశాం. మేము వేసుకున్న వరుస ఇది, తప్పులుంటే చెప్పండి. శుక్రవారం సాయంత్రం రైలు. శనివారం దిగి విశ్రాంతి, సాయంత్రం ఔరంగజేబు భార్య సమాధి బీబీ కా మక్బరా. ఆదివారం పైఠాన్. సోమవారం అజంతా. మంగళవారం ఎల్లోరా, ఘృష్ణేశ్వరం, రాత్రికి తిరుగు రైలు.

రైలు మాస్టారు

బాబూ, టికెట్లు తీశారా? తీయకపోతే ఆగండి. సోమవారం అజంతాకు సెలవు. మంగళవారం ఎల్లోరాకు సెలవు. మీ వరుసలో రెండూ మూసి ఉన్న రోజులకే పడ్డాయి. శనివారం ఎల్లోరా, ఆదివారం అజంతా పెట్టుకొని పైఠాన్, ఊరు సోమ, మంగళవారాలకు జరపండి.

కూకట్‌పల్లి కోడలు

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. మా అక్క కుటుంబం మంగళవారం ఎల్లోరా గేటు ముందు దిగింది. ఘృష్ణేశ్వరుణ్ని దర్శించుకొని, కైలాసం చూడకుండానే రైలెక్కారు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ అక్క ముఖం చిన్నబోతుంది.

ఖర్చు విషయం నేను లెక్క వేశాను. ఏసీ మూడో తరగతిలో ఆరుగురి రానుపోను టికెట్లకు మీ యాభై వేలలో సుమారు ఐదో వంతు పోతుంది. అజంతా, ఎల్లోరా ప్రవేశ రుసుము పెద్దవాళ్లకు 40 రూపాయల చొప్పున, పదిహేనేళ్లలోపు పిల్లలకు లేదు. అన్నిటికంటే పెద్ద ఖర్చు వాహనమే. రోజుకొక ఆటో, రోజుకొక కారు అనుకోకుండా మూడు రోజులకూ ఒకే పెద్ద బండి మాట్లాడుకోండి, నాన్నగారి సామాను, నీళ్లు, మందులు అందులోనే ఉంచుకోవచ్చు. అయితే అజంతా దగ్గర మన బండి నాలుగు కిలోమీటర్ల ముందే ఆగుతుంది, అక్కడి నుంచి వాళ్ల బస్సే ఎక్కాలి. అందుకని మందులూ నీళ్లూ ఉన్న చిన్న సంచి చేతిలో ఉండాలి. పైఠాన్‌లో మీ ఆవిడకు ఒక పైఠణీ చీర కొనడానికి వేరే డబ్బు పక్కన పెట్టండి. ఆడబిడ్డ లాంటిదాన్ని, అడిగే హక్కు నాకుంది.

బడంగ్‌పేట పంతులు

పైఠాన్ అంటే చీరలే గుర్తొస్తాయి, కానీ అదే ప్రతిష్ఠానపురం, శాతవాహనుల రాజధాని. బాబు పుస్తకంలో ఆ పేరు తప్పకుండా ఉంటుంది. దౌలతాబాద్ కోట ఎల్లోరా వెళ్లే దారిలోనే ఉంది. కింది భాగం వరకు నాన్నగారిని తీసుకెళ్లండి, కొండ ఎక్కేది పిల్లలూ మీరూ మాత్రమే.

చాదర్‌ఘాట్ పనివాడు

నాకు ఐదు రోజులూ లేవు, యాభై వేలూ లేవు. ఆదివారం ఒక్కటే సెలవు. ఇద్దరు పిల్లలు.

రైలు మాస్టారు

మీకు బీదర్ చెబుతాను. ఇక్కడికి దాదాపు 140 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. కోట విశాలంగా ఉంటుంది. 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదర్సా గోడల మీద రంగు పలకలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. నానక్ ఝీరా గురుద్వారాలో మధ్యాహ్నం లంగరు, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం, దొరుకుతుంది, అక్కడ ఎవరినీ ఏమీ అడగరు. అన్నిటికంటే ముందు బిద్రీ పని చేసే ఒక దుకాణంలో పిల్లలను కూర్చోబెట్టండి. జింకు, రాగి కలిపి పోసిన పాత్ర మీద ఉలితో గాడి చెక్కి, అందులో వెండి తీగ దూర్చి కొడతారు. చివరికి పాత కోట మట్టి కలిపిన ద్రావణంలో ముంచితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. మంచి మట్టి అవునో కాదో పనివాడు నాలుక మీద వేసుకొని చెబుతాడు. ఆ నల్లబడే క్షణం మీ పిల్లలు చూడాలి.

చాదర్‌ఘాట్ పనివాడు

వెళ్తాం మాస్టారూ. నేను వెల్డింగ్ పని చేస్తాను. నాకూ చూడాలని ఉంది.

తార్నాక ఇల్లు

నిన్న పొద్దున తిరిగి వచ్చాం. ముందు మీకే చెప్పాలని కూర్చున్నాను.

కింది బెర్తులు రెండూ దొరికాయి. కైలాసం ప్రాంగణంలో నాన్నగారు చేతికర్రతో రెండుసార్లు చుట్టూ తిరిగారు. గుడి మొత్తాన్నీ మోస్తున్నట్టు కింద వరుసగా చెక్కిన ఏనుగులను పాపతో కలిసి లెక్కపెట్టారు. తొండం విరిగినవాటిని కలపాలా వద్దా అని ఇద్దరూ వాదించుకున్నారు. పాప మాటే నెగ్గింది, కలిపారు. అజంతాలో డోలీ ఎక్కడానికి మొదట ఒప్పుకోలేదు. మోసేవారిలో వయసు మళ్లిన ఒకాయన ‘మా తాత కూడా ఇక్కడ ఇదే పని చేశాడు, కూర్చోండి’ అని హిందీలో అంటే ఎక్కారు. 26వ గుహలో పడుకున్న బుద్ధుడి పాదాల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. బాబు ఫోను తీసిన మాట నిజమే, తాతయ్య ఫొటో తీయడానికి. చీర కొన్నాం. మొత్తం ఖర్చు, చీర కాకుండా, నలభై ఏడు వేలు.

ఇప్పుడు అమ్మ కాశీ అంటోంది. నాన్నగారూ సరే అన్నారు. ఎప్పుడు వెళ్తే మంచిది?

చిక్కడపల్లి పెద్దమ్మ

చదువుతుంటే కళ్లు చెమర్చాయి బాబూ. కాశీకి మేము మూడుసార్లు వెళ్లాం. చలి నెలల్లో వద్దు, అటు పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం పెద్దవాళ్లకు కష్టం. ఫాల్గుణంలో వెళ్లండి, లేదా కార్తీకంలో. మానససరోవర ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమంలో మన భోజనం, మన మాట దొరుకుతాయి. ఆ సందుల్లోకి కారు రాదు, ఘాట్‌కు దిగాలంటే మెట్లు ఉంటాయి. నాన్నగారిని మెట్లు దింపకుండా పడవలో కూర్చోబెట్టే చోటు ఏదో ముందే కనుక్కోండి. తొమ్మిది నిద్రలు చేయాలని అమ్మ అంటే కాదనకండి, పిల్లలకు బడి ఉంటే అమ్మానాన్నలిద్దరినే పంపి మీరు చివర్లో వెళ్లి తీసుకురండి.

రైలు మాస్టారు

ప్రయాణం తేదీ అనుకోగానే 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజు ఉదయం ఎనిమిది గంటలకు రిజర్వేషను తెరిచే వేళకు సిద్ధంగా ఉండండి. అమ్మానాన్నలకు మళ్లీ విడిగానే టికెట్.